పందొమ్మిదో గదిలో అయిదో మనిషి

దండు ఎస్టేటు అధికారి గారి సముఖానికి, పనివారి లైనులో పందొమ్మిదో నంబరు గదిలో కాపురముంటున్న ముసలమ్మ రాసుకున్న అర్జీ.

విషయం: మా గదిలో ఉన్నది నలుగురు కాదు, అయిదుగురు అనిన్నీ, నలుగురని చెప్పిన నోరు నాదే అయినా ఆ చెప్పడం నాది కాదనిన్నీ, మా అక్కను బయటి మనిషిగా రాసిన నోటీసు రద్దు చేయవలసిందనిన్నీ.

అయ్యా,

తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. పోయినసారి నేను వచ్చిన రోజున తమరు మెట్లు దిగుతూ నడుం మీద చెయ్యి వేసుకున్నారు. అది తగ్గిందా? తగ్గకపోతే అశ్రద్ధ చెయ్యకండి, మా ఆయనకూ అలాగే మొదలైంది, మిగతాది రాయను. అమ్మగారికి కంటి ఆపరేషన్ అన్నారు, కట్టు విప్పారా? పెద్ద గుమాస్తాగారి మోకాలు ఎలా ఉంది? ఆయన ఫైలు కోసం కింది అరకు వంగినప్పుడల్లా నా ప్రాణాలు గుప్పిట్లోకి వస్తాయి. టైపు కొట్టే అమ్మాయికి వేళ్ళ వాపు తీసిందా? అటెండరు భార్యకు నెలలు నిండాయి కదా, తల్లీబిడ్డా క్షేమమేనా? గేటు దగ్గర కాపలా ఆయన దగ్గు ఇంకా అలాగే ఉంటే ఒకసారి ఎక్స్‌రే తీయించుకోమని తమరైనా చెప్పాలి. నేను చెబితే నవ్వుతాడు. లెక్కల గుమాస్తా కూడా బాగున్నాడా? అతన్ని అడగకూడదనే అనుకున్నాను, కలం ఆగలేదు. చిన్నప్పటినుంచీ అతనికి దుమ్ము పడదు. ఆ పాత ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టకండి.

ఇంతమంది ఒంట్లో సంగతులు నాకెలా తెలుసని తమరు అనుకోవచ్చు. ఈ రెండు నెలల్లో తమ కార్యాలయం వరండాలో ఉన్న బల్ల మీద పదకొండుసార్లు కూర్చున్నాను. కూర్చున్నచోట కళ్ళు ఊరుకోవు కదా.

గేటు పక్కన గొడుగు కింద అర్జీలు రాసే ఆయన చేత రాయిద్దామనే ముందు వెళ్ళాను. ఆయన నా మాట సగం వినగానే ‘మేము నలుగురము కాపురముంటున్న సదరు గది’ అని మొదలుపెట్టాడు. ఆ నాలుగు అక్కడా వచ్చి కూర్చుంది! కాగితం వెనక్కి తీసుకుని ఇంటికొచ్చాను. ‘అంకెలు వేసి రాయమ్మా, అంకె లేని కష్టం ఆఫీసువాళ్ళకి ఆనదు’ అని ఆయన వెనకనుంచి అరిచి చెప్పాడు. అందుకని అంకెలు వేస్తున్నాను. నేను మూడో తరగతి దాకా చదివాను. ఒత్తులు తప్పితే క్షమించాలి.

1. నలుగురు అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో ముందు మనవి చేసుకుంటాను. తమరు ఈ ఊరికి వచ్చి ఏడాదిన్నర అయింది, తమకు తెలియకపోవడం తప్పు కాదు.

ఈ ఊరు ఊరుగా పుట్టలేదు, పటాలం కోసం పుట్టింది. మా తాత చెప్పేవాడు. ముందు గుడారాలొచ్చాయట, తరవాత గుర్రాలొచ్చాయట, తరవాత దొరలు, ఆ దొరలకూ గుర్రాలకూ చాకిరీ చెయ్యడానికి మేము. తాత గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. నాన్న జీనులు కుట్టేవాడు. బారకాసుల వెనక, గుర్రపుశాలకూ మురుగు కాలవకూ మధ్యన, ఒకే పొడుగాటి గోడకు నలభై ఎనిమిది గదులు కట్టి పనివాళ్ళను పెట్టారు. వంటవాళ్ళు, నీళ్ళ బండివాళ్ళు, దర్జీలు, రొట్టెల బట్టీవాళ్ళు, బూట్లు కుట్టేవాళ్ళు, అందరూ అందులోనే.

గదికి నలుగురు. అది రూలు. అయిదో తల కనబడితే జబ్బులొస్తాయని దొరల డాక్టరు రాశాడట. కనబడితే ఆ పొద్దు గుంకేలోగా ఆ తలను సున్నం కొట్టిన సరిహద్దు రాయి అవతలికి పంపేసేవాళ్ళు. అవతల ఎవరున్నారు, ఏం తింటారు అని రూలు అడగదు. పిల్లలు పుడతారన్న సంగతి కూడా రూలుకు తెలియదు.

ఏడాదికి రెండుసార్లు లెక్కల జమేదారు వచ్చేవాడు. ఇత్తడి పొన్ను వేసిన కర్రతో గుమ్మానికి మూడు దెబ్బలు కొట్టేవాడు. మూడో దెబ్బకు గదిలోవాళ్ళు బయటికొచ్చి వరసగా నిలబడాలి. ‘ఎంతమంది?’ ‘నలుగురం.’ అంతే. ఏడుగురున్నా నలుగురమే, తొమ్మండుగురున్నా నలుగురమే. మిగతావాళ్ళు పిండి డబ్బాల్లో, తడి దుప్పట్ల గంపల కింద, మంచాల కింద ఉండేవాళ్ళు. మూడో గది వంటాయన ఒకసారి కవలపిల్లల్ని బ్యాండువాళ్ళ పెద్ద డోలులో పడుకోబెట్టి పైన తోలు బిగించకుండా గుడ్డ కప్పాడట. ఆ రోజు బ్యాండు మేళం లేకపోవడం ఆ పిల్లల అదృష్టం. మా లైనులో పిల్లలకు ‘అమ్మా’ తరవాత నేర్పే మాట ‘నలుగురం’ అండి. వేళ్ళు చూపించడం కూడా నేర్పేవాళ్ళు.

దొరలు వెళ్ళిపోయారు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మన సైన్యం వచ్చింది, జెండా మారింది, బూరా పాట మారింది. లెక్క పుస్తకం మాత్రం మారలేదు, కర్ర కూడా మారలేదు. ఆ తరవాత ఎప్పటికో, ఇప్పటికి ముప్పై అయిదేళ్ళ కిందట, కర్రతో రావడం మానేశారు. రూలు పోయిందని గాని ఉందని గాని మాకెవరూ చెప్పలేదు. బడి పంతుళ్ళు జనాభా లెక్కకొచ్చినా మేము నలుగురమనే చెప్పాం. భయాన్ని దింపుకోమని ఎవరైనా చెబితే కదా దింపుకోవడానికి.

2. ఇక సదరు అయిదో మనిషి. మా అక్క. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, డెబ్బయ్ తొమ్మిది. ఇదే లైనులో, ఇదే పందొమ్మిదో గదిలో పుట్టింది.

అక్క పుట్టినప్పుడు గదిలో నాన్న, అమ్మ, నాయనమ్మ, అక్క. సరిగ్గా నలుగురు. నాలుగేళ్ళకు నేను పుట్టాను. నేను నెలల పిల్లగా ఉండగా లెక్క వచ్చింది. అమ్మకు ఇద్దర్లో ఒకరిని దాచాల్సి వచ్చింది. నెలల పిల్లను దాస్తే ఏడుస్తుంది, అందరూ పట్టుబడతారు. నాలుగేళ్ళ పిల్ల చెప్పిన మాట వింటుంది. అక్కను మంచం కిందకు తోసి నన్ను ఎత్తుకుని అమ్మ బయట నిలబడింది. పుస్తకంలో ‘ఆడపిల్ల, ఒకటి’ అని ఉంది. ఆ ఒకటి ఎవరో జమేదారుకు అక్కర్లేదు. ఆ పూటనుంచి అక్క అంకెలో నేను పెరిగాను. మాట వినే పిల్ల కావడమే మా అక్క చేసిన తప్పు.

తరవాత నాయనమ్మ పోయింది. పోయిందని చెబితే గదికి ముగ్గురే అని రాస్తారు, ఆ ఖాళీలో ఎవరిని పెట్టాలన్నా పై దొర సంతకం కావాలి. అందుకని చెప్పలేదు. అక్కకు అప్పటికి పన్నెండేళ్ళు. నాయనమ్మ శాలువా తలమీదుగా కప్పి, నడుం వంచి నిలబెట్టేవాళ్ళు. నవ్వకండి. మూడేళ్ళు మా అక్క మా నాయనమ్మగా లెక్కలో ఉంది. ఆఖరికి పుస్తకంలో నాయనమ్మ వయసు తొంభై దాటేసరికి, ఇంకా ఎలా బతికుందని దొర ఆశ్చర్యపడి చూస్తానన్నాడట. భయపడి చచ్చిపోయిందని చెప్పేశాం. అంటే మా అక్క ఒకసారి చచ్చిపోయింది కూడా.

ఆ ఖాళీలోకి పై దొర నీళ్ళ బండి ఆయన చెల్లెల్ని రాశాడు. అక్క మళ్ళీ మంచం కిందకు వెళ్ళింది.

పెళ్ళెందుకు కాలేదంటారా? పెళ్ళికూతురు గేటు దాటాలంటే పాసు కావాలి. పాసు కావాలంటే పుస్తకంలో పేరుండాలి. రెండు సంబంధాలు గేటు దగ్గరదాకా వచ్చి వెనక్కి పోయాయి. మూడోసారి అక్కే నాన్నతో, ‘ఎందుకు నాన్నా, వాళ్ళని ఎండలో నిలబెట్టడం’ అంది.

మరొక సంగతి, ఇది నేను ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు. నాన్న పోయాక ఈ గది నా పేరున ఎలా ఉందో తమ ఫైలులో ఉంటుంది. ‘స్టోర్సులో గుండీలు కుట్టు పనిమనిషి, ఇరవై రెండు సంవత్సరముల సర్వీసు’ అని. ఆ సర్వీసు నాది కాదండి. నాకు మొదటి కాన్పు తరవాత చేతి వణుకు వచ్చింది, సూదిలో దారం ఎక్కేది కాదు. చొక్కాలు మూటకట్టి ఇంటికి తెచ్చేదాన్ని. అక్క తలుపు వేసుకుని కుట్టేది. ఇరవై రెండేళ్ళు ఈ ఊరి సిపాయిల చొక్కాల గుండీలన్నీ లెక్కలో లేని మనిషి కుట్టినవే. ఒక్కటి ఊడిందని ఫిర్యాదు రాలేదు. కుట్టింది ఆవిడ, సంతకం నాది, గది నాది. ఈ మాట రాసినందుకు నన్ను జైల్లో పెడతారేమో తెలియదు. పెడితే ముందుగా కబురు చెయ్యండి, అక్కకు మందులు ఏ పూట ఏవో కోడలికి రాసిపెట్టాలి.

3. ఈ ఏడాది లెక్క సంగతి.

మార్చి నెల, మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర. అబ్బాయి షెడ్డుకు వెళ్ళాడు, లారీల మెకానిక్కు. కోడలు ఆస్పత్రిలో ఆయా పనికి, మనవరాలు బడికి. అక్క మంచం మీద ఉంది. రెండేళ్ళ కిందట తుంటి విరిగినప్పటినుంచి లేవలేదు. నేను ఉతికిన దుప్పట్లు మడత పెడుతున్నాను.

గుమ్మానికి మూడు దెబ్బలు.

అయ్యా, ఎలా చెప్పాలో తెలియడం లేదు. చేతిలో దుప్పటి ఎక్కడ పడేశానో తెలియదు. అనుకునేలోగా నా కాళ్ళు బయట ఉన్నాయి. కుడిచెయ్యి నాలుగు వేళ్ళు చూపిస్తోంది. డెబ్బయ్ అయిదేళ్ళ దాన్ని, ఎండలో, చెప్పులు లేకుండా, పలకపిల్లలా నిలబడ్డాను. పక్క గదులవాళ్ళు కూడా అలాగే వచ్చి నిలబడి ఉన్నారు. ఎదురుగా లెక్కల గుమాస్తా. చేతిలో ఇత్తడి పొన్ను కర్ర.

‘ఎంతమంది?’

‘నలుగురం.’

పేర్లు అడిగాడు. అబ్బాయిది, కోడలిది, మనవరాలిది చెప్పాను. నాది ఆఖర్న చెప్పాను. ఆఖర్న చెప్పినా, చెప్పాను. సంతకం పెట్టమంటే పెట్టాను.

ఇక్కడ అతని సంగతి తమకు చెప్పాలి. అతను మావాడేనండి. పద్దెనిమిదో గది నీళ్ళ బండి ఆయన కొడుకు. వాళ్ళింట్లో ఏడుగురు. లెక్క రోజున ముగ్గురు పిల్లల్ని తలొక గదికి సర్దేవాళ్ళు, ఇతను మా గదికి వచ్చేవాడు. మంచం కింద మా అక్క, అక్క ఒళ్ళో ఇతను. దుమ్ముకు తుమ్ములొచ్చేవి. అక్క ఒక చేత్తో నోరు, ఒక చేత్తో ముక్కు మూసేది. ఊపిరాడక కాళ్ళు కొట్టుకునేవాడు, అప్పుడు కొద్దిగా వదిలేది. లైనంతా ‘తుమ్ములోడు’ అనే పిలిచేవాళ్ళం. అయిదేళ్ళపాటు ఏడాదికి రెండుసార్లు. చదువుకున్నాడు, పరీక్ష రాశాడు, తమ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. వచ్చిన రోజున మొదట మా అక్క కాళ్ళకే దణ్ణం పెట్టాడు. వాళ్ళమ్మను ఊళ్ళోకి తన దగ్గరకు తీసుకుపోయాడు. మంచి కొడుకే. ఆ మాట అనకపోతే నాకు పాపం.

సరే, రాసుకున్నాక లోపలికి వచ్చాడు. అక్క మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

‘ఏం పెద్దమ్మా, గుర్తుపట్టావా?’

‘నీ మొహం మర్చిపోతానేమో గాని నీ ముక్కు మర్చిపోతానట్రా! ఈ చేత్తో ఎన్నిసార్లు పిండానో.’

వాడు నవ్వాడు. నేను టీ ఇచ్చాను. తాగాడు. అక్క వాడి చేతిలో కర్ర అప్పుడు చూసింది. మొహం మారిపోయింది.

‘లెక్కకొచ్చావా? మరి నేనిప్పుడు ఎక్కడ దాక్కోను రా, లేవలేను కదా.’

‘అక్కర్లేదులే పెద్దమ్మా. పడుకో.’

అని దుప్పటి సరిచేసి వెళ్ళాడు. ఆ మాటకు నేనెంత సంతోషించానో తమకు తెలియదు. ఇక దాక్కోనక్కర్లేదన్నాడు, మనవాడు లెక్కలోకి వచ్చాడు, అక్కను రాసే ఉంటాడని సాయంత్రం కోడలితో చెప్పుకుని మురిసిపోయాను. కోడలు, ‘మీరు నలుగురన్నారు కదా అత్తయ్యా?’ అంది. ‘నేనంటే ఏమిటే, వాడికి తెలుసు కదా’ అన్నాను.

4. జాబితా తమ నోటీసు బోర్డు మీద పెట్టారు. పందొమ్మిదో గది, నలుగురు. మా లైను ఖాళీ చేయించి ఇచ్చే కొత్త క్వార్టర్లలో నలుగురికి చోటు. జాబితాలో లేనివారు ‘బయటి వ్యక్తులు’గా పరిగణించబడి, నెలాఖరుకు పాత ఆస్పత్రి వెనకనున్న నిరాశ్రయుల వసతికి పంపబడుదురు అని ఉంది. వేలు పెట్టి మూడుసార్లు చదువుకున్నాను. తరవాత అతని బల్ల దగ్గరకు వెళ్ళాను.

‘ఏమిట్రా ఇది?’

‘నువ్వు చెప్పిందే రాశాను పిన్నీ. సంతకం నీదే.’

‘మా లైనులో నలుగురంటే నలుగురు కాదని నీకు తెలీదట్రా?’

‘ఎంతమంది అని అడిగాను. చెప్పావు.’

‘కర్రతో కొట్టి అడిగావు. నోరారా పిన్నీ అని అడిగి ఉంటే చెప్పేదాన్ని. కర్ర ఎవరు తీసుకెళ్ళమన్నారు నిన్ను?’

అతను కాగితాలు సర్దాడు.

‘ఎవరూ అనలేదు. రికార్డు గదిలో ఉంది, నేనే తీశాను. జాబితా గదికి నలుగురు చొప్పున నూట తొంభై రెండుకు మించకూడదన్నారు. మించకుండా ఎలా వస్తుందో నాకు తెలుసు గనకే నన్ను పంపారు. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి నేను మనుషుల్ని కొట్టెయ్యలేను పిన్నీ. మీ అంతట మీరే చెబితే ఎవరి పాపమూ కాదనుకున్నాను.’

‘ఆవిడ నీ నోరు మూసింది నిన్ను బతికించడానికి రా. నువ్వు మా నోళ్ళు తెరిపించింది ఎందుకూ?’

పెద్ద గుమాస్తాగారు విని తన చోటునుంచి కుంటుకుంటూ వచ్చారు, పాపం. ‘అమ్మా, కొత్త భవనం కట్టిందే నూట తొంభై రెండు మందికి. పాత పుస్తకం చూసి కట్టాం’ అన్నారు. కట్టాక లెక్కపెట్టారా బాబూ, చెప్పు కుట్టి కాలు కొయ్యడం ఇదేనా అన్నాను. పెద్దవారిని అలా అనకూడదు. క్షమించమని చెప్పండి. రాత్రంతా దిగులుపడ్డాను.

ఇంట్లోనూ నాకు సుఖం లేదు. అబ్బాయి, ‘నువ్వే కదమ్మా చెప్పావు’ అన్నాడు. ఒక్కసారే అన్నాడు. కాని అన్నాడు.

5. తమ వరండాలో అద్దం పెట్టెలో ఒక అచ్చు కాగితం తగిలించారు. ఈ దండు పుట్టి రెండు వందల ఏళ్ళు అయినందుకు వేస్తున్న పుస్తకంలోదట, ‘పట్టణ చరిత్ర, జనాభా’ అని. పదకొండు రోజులు ఎదురుగా కూర్చున్నదాన్ని, కూడబలుక్కుని అంతా చదివాను. ఏ పటాలం ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, ఏ దొర ఎన్నాళ్ళు ఉన్నాడు, కలరాకు ఎంతమంది సోల్జర్లు పోయారు, అన్నీ ఉన్నాయి. ఒక దొర గుర్రానికి సమాధి ఉంది, దాని పేరుంది, దాని రంగుంది, అది ఏ ఎముక విరిగి చచ్చిందో కూడా ఉంది. ఆ గుర్రానికి నాడాలు కొట్టింది మా తాతే. గుర్రం మీద నాకు కోపం లేదు, మంచి గుర్రమట.

అడుగున ఒక వాక్యం ఉంది. ‘పనివారి లైను జనాభా నూరేళ్ళుగా 192 వద్ద స్థిరముగా నుండుట విశేషము’ అని.

అయ్యా, తమరు చదువుకున్నవారు. నూరేళ్ళపాటు ఒకరు పోయిన రోజునే ఒకరు పుట్టి, ఒక పిల్ల అత్తారింటికి వెళ్ళిన పూటే ఒక కోడలు వచ్చి, ఎప్పుడూ నూట తొంభై ఇద్దరే ఉంటారా ఎక్కడైనా? కోళ్ళ గూటిలో కూడా ఉండవండి. అది విశేషం కాదు. అది మా భయం. ఆ భయాన్ని చరిత్ర అని అచ్చు వేశారు. అచ్చులో ఉంది గనక దాని ప్రకారం గోడలు కట్టారు. గోడలు కట్టారు గనక మా అక్క లేదంటున్నారు.

6. నోటీసు సంగతి అక్కకు చెప్పకూడదనుకున్నాను. మనవరాలు బడినుంచి వచ్చి తలుపుకు అంటించిన కాగితాన్ని గట్టిగా చదివేసింది. చిన్నపిల్ల, దాన్ని అనలేను. ‘జాబితాలో లేని బయటి వ్యక్తి ఒకరు’ దగ్గరకు వచ్చేసరికి అక్క ఆపమంది.

‘బయటి మనిషినా? లోపలే కదే దాక్కున్నాను ఇన్నాళ్ళూ!’

అని పెద్దగా నవ్వింది. మా అక్క నవ్వితే ఎదుటివాళ్ళు నవ్వకుండా ఉండలేరు, మనవరాలూ నవ్వింది. కాసేపటికి అక్క గోడవైపు తిరిగింది. నేను పక్కన కూర్చుని ఏడుస్తుంటే వెనక్కి చెయ్యి చాపి నా మోకాలు పట్టుకుంది.

‘ఊరుకో చెల్లీ. నేను వెళ్తాలే. గట్టిగా ఏడవకు, దొరికిపోతాం.’

అది విన్నాక నేను ఇంకెవరికీ భయపడదలచుకోలేదు. అంటే, భయపడుతూనే ఉన్నాను, కాని రాస్తున్నాను.

7. పైన ఉదహరించిన కారణాల చేత నేను కోరుకునేది. మా గది లెక్క కొట్టివేసి అయిదుగురు అని రాయాలి. కొత్త క్వార్టరులో పెద్ద చోటు వద్దు, నా పక్కనే ఆమె మంచం పడితే చాలు. ఆ మంచం ఆరడుగులు, నేను మూర వేసి కొలిచాను. నేను కింద పడుకుంటాను, అలవాటే. అలా కుదరదు, చట్టం నాలుగే అంటే, నా పేరు తీసి ఆమె పేరు రాయండి. ఇది కోపంతో అంటున్న మాట కాదు. డెబ్బయ్ అయిదేళ్ళు ఆమె అంకెలో నేనున్నాను, తిరిగి ఇచ్చేస్తున్నాను. నేను నిరాశ్రయుల వసతికి వెళ్ళి రోజూ పొద్దున వచ్చి ఆమెకు తల దువ్వి వెళ్తాను. ఆ వసతినుంచి కొత్త భవనానికి ఎన్ని అడుగులో కూడా నడిచి చూసుకున్నాను. మధ్యలో రెండుచోట్ల కూర్చోవాలి, అంతే.

లెక్కల గుమాస్తాను ఉద్యోగంలోంచి తీసెయ్యమని నేను అడగడం లేదు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు. మా గుమ్మంలోకి మాత్రం అతన్ని పంపకండి. పంపితే అక్క మళ్ళీ టీ ఇమ్మంటుంది. నేను ఇవ్వలేను.

పుట్టి డెబ్బయ్ తొమ్మిదేళ్ళయినా ఇంతవరకు ఎవరి చిత్తానికీ రాని మనిషిని తమరైనా ఒకసారి చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
పందొమ్మిదో గది ముసలమ్మ.

తాజా కలం. సంతకం పెట్టాక ఇంకా రాయకూడదని అర్జీలు రాసే ఆయన అంటాడు. కాని మధ్యలో అటెండరు వచ్చి వెళ్ళాడు. ఆడపిల్ల పుట్టిందట, ఇద్దరూ క్షేమం. అతని ద్వారా తమరు స్వయంగా లైను చూడడానికి వస్తున్నారని తెలిసింది. అదే నిజమైతే తమరు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

వెంటనే గది గదికీ వెళ్ళి చెప్పాను, ఈసారి ఎవరూ దాక్కోకండి, ఉన్నవాళ్ళంతా బయట నిలబడండి అని. ఏడో గది వంటాయన భార్య, ‘ముందు మీరు చెప్పండి పెద్దమ్మా, మిమ్మల్ని ఏమీ అనకపోతే మేమూ చెబుతాం’ అంది. ముప్పయ్యో గది దర్జీ, ‘మా ఇంట్లో పదకొండు మందిమి. నిజం చెబితే ఆఫీసరుగారు కళ్ళు తిరిగి పడిపోతారు, ఆ నేరం కూడా మా మీదే రాస్తారు’ అన్నాడు. ఎవరు నిలబడతారో ఎవరు నిలబడరో నేను మాట ఇవ్వలేను. మా గది మాట ఇవ్వగలను.

తమరు వచ్చేటప్పుడు పదిహేడో గది ముందు రాయి కదులుతుంది, చూసుకుని అడుగు వెయ్యండి, నడుం అసలే బాగాలేదు. వాన పడితే మానెయ్యకండి, గొడుగు నేను పంపుతాను. కారు గుర్రపుశాల వైపు ఆపితే నీడ ఉంటుంది.

అక్కను మంచంతో సహా వాకిట్లోకి తెస్తామని అబ్బాయి అన్నాడు, ఆ పూట షెడ్డుకు సెలవు పెట్టాడు. ఆమె పేరు ఈ అర్జీలో నేను కావాలనే రాయలేదు. రాయనా అని అడిగితే, ‘ఎవరో ఒకరు నా బదులు చెప్పడం చాలు, నేనే చెబుతాను’ అంది. నిన్నటినుంచి లోపల గొణుక్కుంటోంది, గొంతు ఎలా వస్తుందోనని. చిన్నగా చెబుతుంది, ఇంత గట్టిగా మాట్లాడడం అలవాటు లేదు. తమరు కాస్త వంగి వినాలి.

అందుకని అటెండరు చెప్పిన రోజు కూడా రాస్తున్నాను, ఎక్కడైనా గుర్తు పెట్టుకోండి. వచ్చే బుధవారం, పన్నెండో తేదీ, ఉదయం పది గంటలకు.